చచ్చినవాళ్ల తలుపు దాటిన సెట్టీమియో

"గుబ్బియోలో ఆ నిట్టనిలువు వీధులున్నాయే, అవన్నీ ఇవాళ ఒక్క ఊపున ఎక్కేశాను" అన్నాడు సెట్టీమియో, కౌంటరు మీద మోచేతులు ఆనించి. "మధ్యలో ఎక్కడా ఆగలేదు. నా వెనకాల ఎక్కుతున్న కుర్రాళ్లు గోడలు పట్టుకుని రొప్పుతున్నారు."

సెట్టీమియో కోతలు మాకు కొత్తేం కాదు. కాఫీ, వైనూ రెండూ పోసే నా కొట్టు తెరిచిన రోజునుంచీ వింటూనే ఉన్నాను. కానీ ఇవాళ మేం ఎదురు చూస్తున్నది వాటి కోసం కాదు. ఇళ్ల కప్పులకి పెంకులు వేసే మేస్త్రీ ఆయన. కిందటి నెల ఎవరిదో కప్పు మీద గుండె పట్టుకుని కూలబడిపోతే, ఇద్దరు ఎక్కి దింపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఇవాళ రేపు అంటూ తప్పించుకుని తప్పించుకుని, చివరికి ఈ పొద్దున బస్సెక్కి గుబ్బియోలో గుండె డాక్టరు దగ్గరికి వెళ్లాడు. భార్య దీనా తోడొస్తానంటే, "నేనేమన్నా పాలు తాగే పిల్లాడినా" అని కసిరి ఒక్కడే పోయాడట. తిరిగొచ్చినవాడు ఇంటికి పోకుండా తిన్నగా నా దగ్గరికొచ్చాడు. అదే నాకు నచ్చలేదు.

"వీధుల సంగతి తర్వాత బావా" అన్నాడు ఎల్వియో. దీనా తమ్ముడు అతను. పొద్దుటి నుంచీ ఆలివ్ చెట్ల మీదే ఉన్నాడేమో, జుట్టులో ఆకులు అలాగే ఉన్నాయి. చేతిలో పేకముక్కలున్నాయి గానీ ఆడటం లేదు. "డాక్టరు ఏమన్నాడు?"

"అక్కడికే వస్తున్నా, తొందరెందుకు? డాక్టరు ఆ గొట్టం తీసి నా గుండె మీద పెట్టాడా, పెట్టగానే చెవుల్లోంచి పీకి అవతల పారేశాడు. ఏమైంది డాక్టరుగారూ అంటే, చెవులు గింగుర్లెత్తిపోయాయయ్యా, ఇది గుండా, గుడి గంటా అన్నాడు. వయసెంత అన్నాడు, చెప్పాను, అబద్ధం అన్నాడు. పక్క గదిలోంచి ఇంకో డాక్టరుని పిలిచాడు. ఆయనొచ్చి విని, ఇది ఇరవయ్యేళ్ల కుర్రాడి గుండె, ఎక్కడ సంపాదించావు అని నన్నే నిలదీశాడు!"

"అంటే ఏమీ లేదన్నట్టేనా?" అన్నాను నేను.

"లేకపోవడమేంటి ఇర్మా, కావలసినదానికంటే ఎక్కువుంది."

"మందులేమన్నా రాశాడా?"

"ఇరవయ్యేళ్ల వాడికి మందులెందుకు? సరే, అక్కణ్నుంచి బయటపడ్డాను, ఒంట్లో బలం ఎక్కువైపోయి ఏం చెయ్యాలో తోచలేదు, అందుకని ఆ వీధులన్నీ ఎక్కానన్నమాట. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఎల్వియో నా వంక చూశాడు. నేను గ్లాసు తుడుస్తూ ఉండిపోయాను. సెట్టీమియో చెయ్యి ఒకటి కౌంటరు మీదుంది, రెండోది కోటు లోపల ఎడమ పక్కన ఉంది. అది అక్కడే ఉంచుకుని చెబుతున్నాడు.

"పైన ఒక పాత ఇంటి కిటికీలోంచి ముసలావిడ కేకేసింది. ఏమయ్యా బలశాలీ, బీరువా ఒకటి కిందకి దించాలి, మా వాళ్లు నలుగురు పట్టినా కదల్లేదు అంది. నలుగురూ అక్కడే మెట్ల మీద కూర్చుని చెమటలు తుడుచుకుంటున్నారు. జరగండర్రా అన్నాను. బీరువా వీపు మీదకెత్తుకున్నాను. లోపల బట్టలున్నాయి, పింగాణీ ఉంది, ఆవిడ పిల్లి కూడా ఉంది, నాకేం బరువనిపించలేదు. మెట్లు దిగి కిందకొచ్చేసరికి వీధి తలుపు దగ్గర ఆ నలుగురూ ఇంకో మంచాన్ని అడ్డంగా ఇరికించేశారు. అటు పోలేను, వెనక్కి తిరగలేను. ఎడం పక్కన చూద్దును గదా, ఇంకో తలుపుంది. సన్నగా, నేలకి ఇంత ఎత్తున."

"వద్దు" అన్నాను నేను, నాకు తెలియకుండానే.

గుబ్బియోలో పాత ఇళ్లకి రెండేసి తలుపులుంటాయి. పెద్దది బతికున్నవాళ్లు తిరిగేది. పక్కనున్న ఇరుకుది శవపేటికని బయటికి తియ్యడానికి మాత్రమేనని మా పెద్దవాళ్లు చెప్పేవారు. చదువుకున్నవాళ్లు కాదంటారు గానీ, ప్రాణాలతో ఉన్నవాడు దాంట్లోంచి బయటికి రావడం మా వైపు ఎవరూ చూడలేదు.

"వచ్చాను" అన్నాడు సెట్టీమియో. "గొళ్లెం ఒక్క తాపు తన్ని, బీరువాతో సహా వీధిలోకి దూకాను."

కీడు తగలకుండా ఇనుము ముట్టుకోవాలని, ఎల్వియో చటుక్కున కుర్చీ ఇనపకాలు ముట్టుకున్నాడు. నేను తాళంచెవుల గుత్తి పట్టుకున్నాను. సెట్టీమియో కూడా మాటల మధ్యలో కౌంటరు అంచున ఇనపపట్టీ ఎక్కడుందో వేళ్లతో వెతుక్కున్నాడు.

"మంచం తీసేదాకా ఆగలేకపోయావా?" అన్నాడు ఎల్వియో.

"ఇరవయ్యేళ్ల గుండె ఆగుతుందా? నేను వీధిలో పడగానే జనం నిలబడిపోయారు. రొట్టెల ఆవిడ బుట్ట కింద పడేసి శిలువ గుర్తు వేసుకుంది. ఒకాయన టోపీ తీశాడు. పలకరింపుగా కాదు, పోయినవాడికి తీసినట్టు! వీధి వీధంతా నేను పోయాననే లెక్క కట్టేసిందిరా. నేను నడుస్తుంటే వెనకాల వరసగా నిలబడి నడవడం మొదలెట్టారు, శవయాత్రలో నడిచినట్టు. వడ్రంగి ఒకడు పరిగెత్తుకొచ్చి, శవపేటిక కోసమని నడుస్తుండగానే నా పొడుగు కొలిచాడు. ఇంకా ఉంది చూడండి, మలుపు తిరిగేసరికి గోడ మీద నా చావు కాగితం అంటించేసి ఉంది! నల్ల అంచుతో, ఇంత పెద్ద అక్షరాలతో నా పేరు. జిగురు ఇంకా ఆరలేదు. కింద 'దుఃఖిస్తున్న భార్య దీనా' అని..."

అక్కడ ఆగిపోయాడు. గ్లాసందుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

అప్పుడే గోడ మీద ఫోను మోగింది. సెట్టీమియో నాకు సైగ చేశాడు, లేనని చెప్పమని. నేను తీశాను. దీనాయే. ఇందాకటి నుంచీ ఇది మూడోసారో నాలుగోసారో.

"వచ్చాడా ఇర్మా?"

"వచ్చాడు. ఇక్కడే ఉన్నాడు."

"మొహం ఎలా ఉంది?"

నేను సెట్టీమియో వంక చూశాను. సున్నం కొట్టినట్టుంది. "బాగానే ఉంది" అన్నాను.

"డాక్టరు ఏమన్నాడో చెప్పాడా?"

"చెబుతున్నాడు. ఇరవయ్యేళ్ల గుండె అన్నాడట."

 "వైన్ పొయ్యకు, అక్కడే కూర్చోబెట్టి ఉంచు" అని పెట్టేసింది. నేను పోసిన గ్లాసుని మెల్లగా నా వైపు లాక్కున్నాను. ఆయన గమనించనేలేదు.

ఎందుకంటే తలుపు తెరుచుకుని ఒరెస్టే లోపలికొచ్చాడు. గుబ్బియోకీ మా ఊరికీ మధ్య తిరిగే బస్సు డ్రైవరు. ఆఖరి ట్రిప్పు ముగించి, బస్సు పెట్టేసి, ఇంటికి పోయేముందు రోజూ నా దగ్గర ఒక కాఫీ తాగుతాడు. అతన్ని చూడగానే సెట్టీమియో కంగారుపడ్డాడు. ఆయన్ని అలా చూడటం నాకదే మొదటిసారి.

"ఒరెస్టే! రా నాయనా, రా. ఇర్మా, ఇతనికి ఏం కావాలో పొయ్యి, నా పేరున. ఏరా, అలిసిపోయి ఉంటావు, ఇంటికి పోయి పడుకోరాదూ?"

"పర్లేదు మామా, చెప్పు" అన్నాడు ఒరెస్టే. కోటు విప్పకుండా తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు. "బయటికి వినిపిస్తోంది. గోడ మీద కాగితం దాకా వచ్చావు."

సెట్టీమియో ఇక మా వంక చూడటం మానేసి, సీసాల వంక చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు. వేగం పెరిగిపోయింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ తలుపులోంచి వచ్చినవాడి కోసం ఒకడు ఎదురు చూస్తూ ఉంటాడు కదా, వాడొచ్చేశాడు. చావు! నిజంగా చావే. వీధి చివర నిలబడి ఉంది. సన్నటి మనిషి, తెల్లకోటు..."

"తెల్లకోటా?" అన్నాడు ఎల్వియో. "నల్లది కదా ఉండేది?"

"చూసింది నువ్వా నేనా? తెల్లకోటే. కళ్లద్దాలు. చేతులు మంచుగడ్డలు. ఎంతో మర్యాదగా పిలిచింది. సెట్టీమియోగారూ, లోపలికి రండి, చొక్కా విప్పండి, ఊపిరి కాస్త బిగబట్టండి, ఏం నొప్పుండదు అంది."

కొట్లో ఎవరూ నవ్వలేదు.

"బావా, అలా అనేది డాక్టరు కదూ" అన్నాడు ఎల్వియో నెమ్మదిగా.

"చావుకి మాత్రం మర్యాద ఉండదా ఏంటి! నోర్మూసుకుని విను. నేను పరుగు లంకించుకున్నాను. ఎటు? పిచ్చివాళ్ల ఫౌంటెను వైపు! దాని చుట్టూ మూడు చుట్లు పరిగెడితే ఊరువాళ్లు పిచ్చివాడని కాగితం రాసిస్తారా లేదా? పిచ్చివాణ్ని చావు పట్టుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. వీపు మీద బీరువా, బీరువాలో పిల్లి, మూడు చుట్లూ పరిగెత్తాను. అయినా అది వెనకాలే వస్తోంది. ముప్పై చుట్లు. మూడొందల చుట్లు. ఫౌంటెన్లో నీళ్లు నాతోపాటు తిరగడం మొదలెట్టాయి, నీళ్లతోపాటు రాళ్లు తిరిగాయి, వీధి తిరిగింది, చుట్టూ ఇళ్లు తిరిగాయి, వంటింట్లో ఉన్న ఆడవాళ్లు పడకగదుల్లో తేలారు. చివరికి చావుకి కళ్లు తిరిగి కూలబడిపోయింది. ఊరువాళ్లు జాలిపడి పిచ్చివాడి కాగితం దానికి రాసిచ్చేశారు!"

"అక్కడితో వదిలిందా మరి?" అన్నాను. వదిలిందంటే బాగుండునని నాకే అనిపించింది.

"ఎక్కడ వదిలింది! కాస్త నీళ్లు చల్లుకుని మళ్లీ లేచింది. చొక్కా విప్పండి సెట్టీమియోగారూ అంటూనే ఉంది. నేను కొండెక్కే బుట్టల దగ్గరికి పరిగెత్తాను. తీగ మీద వేలాడుతూ పోతాయే, నిలబడి ఎక్కే బుట్టలు..."

"మధ్యాహ్నం భోజనాల వేళ అవి ఆపేస్తారుగా!" అన్నాడు ఎల్వియో.

"నా కోసం తిప్పారురా! బీరువా మోసుకుంటూ, చావుని వెంటేసుకుని ఒకడొస్తే, బుట్టలు తిప్పే మనిషి అన్నం తింటూ కూర్చుంటాడా? చావు మెడ పట్టి బుట్టలోకి తోసి పైకి పంపేశాను. పోయింది పీడ అనుకున్నాను. అది కొండ మీదకి చేరి, అక్కణ్నుంచి ఆ తీగ పట్టి లాగడం మొదలెట్టింది, నన్ను పైకి లాగేద్దామని. నేను కింద పట్టుకున్నాను. అది లాగుతోంది, నేను లాగుతున్నాను. కొండ వంగింది! ఒట్టు, కొండ శిఖరం ఊరి మీదకి వంగి, అక్కడి చెట్లు ఇక్కడి పొగగొట్టాలకి తగిలాయి. పైన గుడిలో అద్దాల పెట్టెలో పడుకుని ఉంటాడే మన ఊబాల్దో స్వామి, ఆయన కళ్లు తెరిచి, నాయనా సెట్టీమియో, ఆ తీగ కాస్త వదులు చెయ్యి, నా పక్క జారిపోతోంది అన్నాడు. స్వామి అడిగాక తప్పుతుందా, వదిలేశాను."

చెమట కారి ఆయన చొక్కా కాలరు తడిసిపోయింది. నేను తుడుచుకోవడానికి గుడ్డ ఇచ్చాను. తీసుకుని, చేతిలోనే నలుపుతూ ఉండిపోయాడు. ఎల్వియో పేకముక్కలు బల్ల మీద బోర్లా పెట్టేశాడు.

"బావా, చాలు. కాస్త కూర్చో."

"కూర్చుంటే ఎలారా, పైన గంట మోగుతుంటే? నా కోసమేగా మోగుతోంది! పెద్దభవనం బురుజు మీద ఆ పెద్దగంట. గంట కొట్టేవాళ్లు దాన్ని కాళ్లతో తన్ని మరీ ఊపుతున్నారు, చచ్చినవాడి గంట. అది పూర్తయిందంటే ఇక నేను లేను. బయటి గోడ పట్టుకుని ఎక్కాను, నాకు మెట్లెందుకు, కప్పులెక్కేవాణ్ని, మొత్తం ఎక్కేశాను! గంట కొట్టేవాళ్లని లేవండర్రా అని పక్కకి జరిపి, వెల్లకిలా పడుకుని, రెండు కాళ్లతో ఆ గంటని ఎదురు తన్నాను. వాళ్లు కొట్టిన దెబ్బలన్నీ ఒక్కొక్కటీ వెనక్కి కొట్టుకుంటూ పోయాను. తన్నిన కొద్దీ గోడ మీద కాగితంలో నా పేరు చెరిగిపోతోంది. వడ్రంగి కొలిచిన కొలత మర్చిపోయాడు. ఈ ఏడు పాతిపెట్టినవాళ్లందరూ శ్మశానంలో లేచి కూర్చుని కాఫీ అయ్యిందా అని అడుగుతున్నారు. నేను ఆపలేదు. పడమటికి దిగుతున్న సూర్యుడు ఆగాడు, వెనక్కి తిరిగాడు, మధ్యాహ్నం మళ్లీ వచ్చింది, మధ్యాహ్నం పోయి పొద్దున వచ్చింది, ఇవాళ్టి రోజంతా చుట్టచుట్టుకుపోయి ఎక్కడ మొదలైందో అక్కడికే వచ్చేసింది. మళ్లీ బస్సు. మళ్లీ నేను బస్సులో ఉన్నాను. కింద కోట ద్వారం దగ్గర, డాక్టరు గది ముందర స్టాపు. బస్సాగింది. తలుపు తెరుచుకుంది. ఆ తర్వాత... ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

 ఆయన నోరు కాస్త తెరిచే ఉంది. తర్వాతి మాట ఎక్కడా దొరకనట్టు మా మొహాలు ఒక్కొక్కటీ చూశాడు.

"నాకు తెలుసు మామా" అన్నాడు ఒరెస్టే. "నువ్వు దిగలేదు."

కాఫీ మెషిను బుసకొడుతుంటే నేను ఆపేశాను.

"చెప్పకూడదనే అనుకున్నాను" అన్నాడు ఒరెస్టే నేల వంక చూస్తూ. "కానీ ఇప్పుడు నువ్వు ఇంటికెళ్లి ఆ ఇరవయ్యేళ్ల గుండె సంగతి దీనత్తకి కూడా చెప్పేస్తావు. ఆవిడ నమ్మేస్తుంది, నమ్మాలని ఉంటుంది కాబట్టి. పొద్దున నువ్వు మెట్టు దాకా వచ్చి ఆగిపోయావు. వెనకాల పిల్లలు బడికి ఆలస్యమవుతోందని గోల. నువ్వు వెనక్కొచ్చి నా వెనక సీట్లో కూర్చున్నావు. చివరి స్టాపు దాకా వచ్చావు, తిరిగొచ్చావు, మళ్లీ వచ్చావు. సాయంత్రం దాకా అంతే. నా రొట్టెలో సగం నీకే పెట్టాను కదా. ఆ స్టాపు వచ్చినప్పుడల్లా ఎవరూ ఎక్కకపోయినా ఆపి, తలుపు తెరిచి, అద్దంలో నిన్ను చూసేవాణ్ని. వచ్చినప్పుడల్లా నువ్వు వంగి బూటు తాడు కట్టుకునేవాడివి."

"ముందే చెప్పొచ్చుగా" అన్నాను, నాకు కోపం ఎవరి మీదో తెలియక.

"బస్సు నడపగలను ఇర్మక్కా. మనిషిని పట్టి దించెయ్యలేను కదా."

సెట్టీమియో ఎర్రబడ్డాడు. ఏదో పెద్ద మాట తయారు చేసుకుంటున్నాడనిపించింది, నాకైతే అది వచ్చినా బాగుండుననిపించింది. కానీ రాలేదు. ఎల్వియో జరిపిన కుర్చీలో మెల్లగా కూర్చున్నాడు.

"పూర్తిగా దిగలేదనకు" అన్నాడు చివరికి. "ఒక కాలు దించాను."

ఒరెస్టే ఒప్పుకున్నాడు. "అవును. ఒక కాలు దించావు."

"డాక్టరు గది కిటికీలోంచి లోపల కుర్చీలు కనబడ్డాయి. అందరూ కోట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. భయమేసిందిరా ఎల్వియో. కప్పుల మీద ఎప్పుడూ వెయ్యలేదు. లోపలికెళితే ఆయన చెప్పేస్తాడు. చెప్పాక ఇక అది నిజమైపోతుంది. చెప్పనంతసేపూ నేను బస్సులో ఉన్నట్టే."

ఈయన్ని ఎప్పుడు ఆటపట్టిద్దామా అని కాచుకుని ఉండే ఎల్వియో ఒక్క మాట కూడా విసరలేదు. జుట్టులోంచి ఒక ఆలివ్ ఆకు తీసి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ ఫోను మోగింది. నేను తియ్యలేదు. ముందు వీళ్ల మాట తేలనిద్దామనుకున్నాను.

"ఏ కాలు?" అన్నాడు ఎల్వియో.

"ఏంటి?"

"దించింది ఏ కాలు బావా?"

"కుడికాలు."

"సరే. రేపు ఎడమది కూడా దించుదాం. నేనొస్తాను."

"నీకు ఆలివ్‌ల పని ఉంది కదరా."

"చెట్లు ఎక్కడికీ పోవు."

సెట్టీమియో ఆ గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. ఫోను మోగుతూనే ఉంది.

"లోపలికి కూడా వస్తావా?" అన్నాడు గుడ్డ వెనకనుంచి.

"వస్తాను. కానీ అక్కడ నోరు మూసుకుని, ఆయన చెప్పేది వింటావా?"

"వింటాను" అన్నాడు సెట్టీమియో. తర్వాత లేచి, తనే వెళ్లి ఫోను తీశాడు. "దీనా" అన్నాడు, "నేనే. డాక్టరు దగ్గరికి ఇంకా వెళ్లలేదే."